రెండోసారి కొట్లాట కేసు: శిక్ష రెట్టింపవుతుందా?

న్యాయ సందేహాలు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో మూడు దాదాపు ఒకే విషయం అడిగాయి. ఇద్దరు నిందితుల తరఫువారు, ఒకరు దెబ్బలు తిన్నవారు. చిన్న కొట్లాట కేసులో ఒకసారి ఇరుక్కున్న మనిషి మళ్లీ అలాంటి కేసులోనే కోర్టు ముందు నిలబడితే ఏమవుతుందన్నది ముగ్గురి సందేహం. అందుకని ఈ పేజీని పూర్తిగా వీటికే కేటాయిస్తున్నాను. పేర్లు రాయవద్దని ముగ్గురూ కోరారు.

ప్రశ్న: మాది మైదుకూరు దగ్గర ఒక పల్లె. మా తమ్ముడికి 26 ఏళ్లు. 2021లో కేసీ కాలువ కింద పిల్లకాలువలో నీటి వంతు దగ్గర పక్క పొలం వాళ్లతో మాటామాటా పెరిగి ఒకాయనను చెంప మీద కొట్టాడు. పాత శిక్షాస్మృతి 323 సెక్షన్ కింద కేసు పెట్టారు. నేరం ఒప్పుకుంటే చిన్న ఫైనుతో పోతుందని, పనులు చెడగొట్టుకుని వాయిదాలకు తిరగడం ఎందుకని తెలిసినవాళ్లు చెబితే ఒప్పుకుని 800 రూపాయలు కట్టి వచ్చాడు. ఇప్పుడు ప్రొద్దుటూరులో బండి నిలిపే చోట జరిగిన గొడవలో ఒకతన్ని దారి అడ్డగించి కొట్టాడని, బెదిరించాడని భారతీయ న్యాయ సంహిత 115(2), 126(2), 351(2) సెక్షన్ల కింద ఛార్జిషీటు వేశారు. అతనికి పెదవి చిట్లింది. రెండోసారి కాబట్టి శిక్ష రెట్టింపు, జైలు ఖాయం అని కొందరు అంటున్నారు. మళ్లీ ఒప్పుకుని ఫైను కట్టేస్తే సరిపోతుందని కొందరు, కొత్త చట్టంలో జైలుకు బదులు సమాజ సేవ చేయిస్తారని మరికొందరు చెబుతున్నారు. తమ్ముడు కువైట్ వెళ్లే ప్రయత్నంలో ఉన్నాడు. ఏది నిజం?
– ఒక అన్న, కడప జిల్లా

జవాబు: మీకు చెప్పిన మూడు మాటలలో ఏ ఒక్కటీ పూర్తిగా నిజం కాదు. మామూలు గాయం కేసులో రెండోసారి దోషిగా తేలినంత మాత్రాన శిక్ష రెట్టింపు కావాలనే నియమం మన చట్టంలో లేదు. పాత శిక్షాస్మృతిలో 75వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 13వ సెక్షన్ మళ్లీ నేరం చేసినవారికి శిక్ష పెంచే వీలు కల్పిస్తాయి. అయితే అవి నాణేలు, నోట్లు, ప్రభుత్వ స్టాంపులకు సంబంధించిన నేరాలకు, దొంగతనం వంటి ఆస్తి నేరాలకు, అందులోనూ మూడేళ్లు లేదా అంతకు మించి ఖైదు విధించదగిన వాటికి మాత్రమే వర్తిస్తాయి. మనిషి మీద చేయి చేసుకునే నేరాలు వాటి పరిధిలోకి రావు. సమాజ సేవ మాట కూడా ఇక్కడ పనికిరాదు. కొత్త చట్టం దాన్ని ఒక శిక్షగా చేర్చిన మాట వాస్తవమే గాని, తాగి బహిరంగ స్థలంలో అల్లరి చేయడం, పరువు నష్టం వంటి కొద్ది నేరాలకే దాన్ని పరిమితం చేసింది. గాయపరిచిన నేరం వాటిలో లేదు.

కాబట్టి మీ తమ్ముడి విషయంలో గరిష్ఠ శిక్ష మొదటిసారి చేసినవాడికి ఎంతో ఇతనికీ అంతే. కొట్టి గాయపరిచినందుకు 115(2) కింద ఏడాది వరకు ఖైదు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. పాత 323లో ఖైదు ఇంతే అయినా జరిమానా వెయ్యి రూపాయలకు మించేది కాదు. దారి అడ్డగించినందుకు 126(2) కింద నెల వరకు సాధారణ ఖైదు గాని 5,000 రూపాయల వరకు జరిమానా గాని, లేదా రెండూ ఉంటాయి. ఈ మూడింటిలో బరువైనది మీరు అంతగా పట్టించుకోని 351(2). బెదిరింపుకు దాని కింద రెండేళ్ల వరకు ఖైదు విధించవచ్చు. దారి అడ్డగించాడన్న ఆరోపణ ఇలాంటి కేసులన్నిటిలోనూ ఎందుకు కనిపిస్తుందని చాలామంది అడుగుతుంటారు. 115(2) ఒక్కటే ఉంటే మెజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. 126(2) తోడైతే ఆ అవసరం ఉండదు. ఆరోపణ నిజమైతే చేర్చడంలో తప్పు లేదు. నిజం కాకపోతే సాక్షుల క్రాస్ పరీక్షలో దాన్ని విడిగా పట్టుకోవాలి.

శిక్ష రెట్టింపు కాదంటే పాత కేసుకు విలువ లేదని మాత్రం అనుకోకండి. అది మీ తమ్ముడికి కొన్ని తలుపులు మూసేసింది. దోషిని జైలుకు పంపకుండా షరతుల మీద వదిలే వీలు కల్పించే 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టం 3వ సెక్షన్ ప్రకారం రెండేళ్లకు మించని ఖైదు ఉన్న నేరాలలో న్యాయస్థానం నిందితుణ్ణి మందలించి వదిలేయవచ్చు. కానీ అంతకుముందు నేరం రుజువై ఉండకూడదు. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 401వ సెక్షన్‌లో సత్ప్రవర్తన మీద విడుదల చేసే ఏర్పాటుకూ ఇదే షరతు ఉంది. శిక్ష తగ్గింపు కోసం ప్రాసిక్యూషన్‌తో ఒప్పందానికి వచ్చే పద్ధతి కూడా, ఇంతకు ముందు అదే నేరానికి శిక్ష పడినవారికి అందుబాటులో ఉండదు. ఆనాడు 800 రూపాయలతో పోయిందనుకున్నది నిజానికి పోలేదు. నేరం ఒప్పుకుని జరిమానా కట్టడమంటే కేసు కొట్టివేయడం కాదు, దోషిగా తీర్పు రావడం. ఈ మాటను నేను ఎన్నిసార్లు రాసినా, వాయిదాల శ్రమ తప్పుతుందని యువకుల చేత తొందరపడి ఒప్పిస్తూనే ఉన్నారు. ఆ రోజు మిగిలిన కూలి డబ్బుకు ఏళ్ల తరువాత ఎంత మూల్యం చెల్లించాలో ఎవరూ చెప్పరు. చట్టం పేరు మారింది కదా, పాత శిక్షాస్మృతి కింద వచ్చిన తీర్పు చెల్లదేమో అనుకోవడానికీ వీల్లేదు.

అయితే ఒక తలుపు తెరిచే ఉంది. అదే ప్రొబేషన్ చట్టం 4వ సెక్షన్‌లో, అంతకుముందు శిక్ష పడి ఉండకూడదన్న షరతు లేదు. మరణశిక్ష గాని జీవితఖైదు గాని లేని నేరమైతే, నేరం స్వభావాన్ని, మనిషి నడవడిని చూసి, మూడేళ్లకు మించని కాలానికి సత్ప్రవర్తన బాండు రాయించుకుని న్యాయస్థానం విడుదల చేయవచ్చు. నిందితుడికి గాని పూచీ ఉండేవారికి గాని స్థిరమైన నివాసమో, నియమంగా చేసే పనో ఉండాలి. ప్రొబేషన్ అధికారి నివేదిక ఉంటే న్యాయస్థానం దాన్ని పరిశీలిస్తుంది. ఇది హక్కుగా అడిగేది కాదు, న్యాయమూర్తి విచక్షణకు వదిలిన విషయం. నాలుగేళ్ల వ్యవధిలో రెండోసారి అదే రకం గొడవ అంటే న్యాయమూర్తి వెనకాడవచ్చు. అయినా మీ న్యాయవాది దీన్ని తప్పక అడగాలి. దోషిగా తేలిందన్న మాట విన్న వెంటనే తలవంచుకుని నిలబడకుండా భూమి పాసుపుస్తకం, ఇంటి బాధ్యతలు, ఈ మధ్యకాలంలో ఏ గొడవా లేదన్న వివరం కాగితం మీద పెట్టి చూపాలి.

ఇంకొకటి. విచారణ జరుగుతున్నంతకాలం పాత శిక్షను చూపి ఈసారి కూడా ఇతనే కొట్టి ఉంటాడని ప్రాసిక్యూషన్ వాదించడానికి లేదు. మనిషి చెడ్డవాడన్నది నేరానికి సాక్ష్యం కాదని సాక్ష్య చట్టం చెబుతోంది. నిందితుడే తన మంచితనాన్ని రుజువు చేసుకోబోతే మాత్రం వాళ్లకు ఆ దారి తెరుచుకుంటుంది. కాబట్టి సాక్షుల చేత మావాడు ఈగకు కూడా హాని చేయడని చెప్పించవద్దు. పాత తీర్పు బయటికి రావలసిన సమయం శిక్ష ఖరారు చేసేటప్పుడు. అప్పుడు కూడా నోటిమాట చాలదు. తీర్పు నకలు, అందులో ఉన్న మనిషి ఇతనేనన్న రుజువు రెండూ ఉండాలి.

ఇక శిక్ష ఎంత పడవచ్చన్న ప్రశ్న. ఆయుధం లేదు, గాయం పెదవి చిట్లడంతో ఆగింది అన్న మీ మాట నిజమైతే, దోషిగా తేలిన పక్షంలో చెప్పుకోదగిన జరిమానా, లేదంటే జరిమానాతో పాటు కోర్టు లేచేదాకా నిర్బంధం నుంచి కొద్ది వారాల సాధారణ ఖైదు వరకు ఉండవచ్చునని నా అంచనా. పూర్తి ఏడాది పడడం ఇలాంటి గాయానికి నేను చూసినంతలో అరుదు. మొదటిసారి అయితే నేను ఖైదు మాట ఎత్తేవాడిని కాదు. పాత తీర్పు తెచ్చిన తేడా అదే. న్యాయస్థానం సంక్షిప్త విచారణ పద్ధతిని ఎంచుకుంటే మూడు నెలలకు మించి ఖైదు విధించడానికి వీలుండదు. మూడు సెక్షన్ల కింద విడివిడిగా శిక్ష వేసినా, ఒకే ఘటన కాబట్టి ఏకకాలంలో అనుభవించమని సాధారణంగా ఆదేశిస్తారు. జరిమానా కట్టకపోతే వేరే ఖైదు ఉంటుంది. 115(2) విషయంలో అది మూడు నెలలు దాటకూడదు.

ఈ అంచనా మొత్తం ఒక కాగితం మీద ఆధారపడి ఉంది. అది వూండ్ సర్టిఫికెట్, అంటే గాయాల గురించి వైద్యుడు రాసి ఇచ్చే పత్రం. ఛార్జిషీటుతో పాటు ఇచ్చిన కాగితాలలో దాన్ని వెదికి, అక్షరం అక్షరం చదివించుకోండి. పెదవి చిట్లిన దెబ్బకు పన్ను కూడా విరిగిందని గాని, స్థానం తప్పిందని గాని వైద్యుడు రాస్తే చట్టం దృష్టిలో అది మామూలు గాయం కాదు, తీవ్ర గాయం. అప్పుడు సెక్షన్ 117(2)కు మారుతుంది, ఏడేళ్ల వరకు ఖైదు, జరిమానా ఉంటాయి. బాధితుడు తీవ్రమైన నొప్పితోనో, రోజువారీ పనులు చేసుకోలేని స్థితిలోనో ఎన్ని రోజులు ఉంటే తీవ్ర గాయం అవుతుందన్న లెక్క పాత చట్టంలో 20 రోజులు, కొత్త చట్టంలో 15 రోజులు. కట్టె, రాయి, ఇనుప కడ్డీ లాంటివి వాడారన్న ఆరోపణ ఉంటే మామూలు గాయానికే 118(1) కింద మూడేళ్ల దాకా ఖైదు పడవచ్చు. ఒకే చెంపదెబ్బ, ఒకే తోపులాట చేతిలో ఉన్న వస్తువును బట్టి, తగిలిన చోటును బట్టి ఎంత దూరం పోతుందో మన యువకులు కొట్టే ముందు ఆలోచించాలని మనసారా కోరుకుంటున్నాను.

వీటన్నిటికంటే మంచి దారి ఇంకా మీ చేతిలోనే ఉంది. 115(2), 126(2), 351(2) మూడూ బాధితుడు ఒప్పుకుంటే రాజీ చేసుకోదగిన నేరాలు. ముందు శిక్ష పడినవాడికి రాజీ అవకాశం ఉండదని మీకు ఎవరైనా చెప్పవచ్చు. సురక్షా సంహిత 359వ సెక్షన్‌లో అలాంటి ఆంక్ష ఉన్న మాట నిజమే. కానీ అది పాత శిక్ష కారణంగా పెంచిన శిక్షకు గాని, వేరే రకం శిక్షకు గాని గురయ్యే వారికే వర్తిస్తుంది. మీ తమ్ముడికి శిక్ష పెరిగే నియమమే లేదు కాబట్టి ఆ ఆంక్ష అడ్డు రాదు. రాజీని కోర్టు నమోదు చేస్తే నిందితుడు నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. ఫైను కట్టడానికీ రాజీ పడడానికీ ఉన్న తేడా ఇదే. అందుకే మళ్లీ నేరం ఒప్పుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. ఒప్పుకుంటే రెండో శిక్ష మీద పడుతుంది, అప్పీలు కూడా శిక్ష పరిమాణం గురించో, దాని చట్టబద్ధత గురించో తప్ప మరి దేనికీ చేసుకోలేరు.

రాజీ గురించి ఒక జాగ్రత్త. మన ప్రాంతంలో పెద్దమనుషులు కూర్చుని చేతులు కలిపించి, వైద్య ఖర్చులు ఇప్పించి పంపేస్తారు. అది మంచి పనే. కానీ ఆ తరువాత కేసు అయిపోయిందనుకుని వాయిదాలకు వెళ్లడం మానేస్తారు, నాన్‌బెయిలబుల్ వారెంటు వచ్చి అర్ధరాత్రి పోలీసులు తలుపు తట్టినప్పుడు గాని విషయం తెలియదు. బాధితుడు న్యాయస్థానంలో గాని లోక్ అదాలత్‌లో గాని తన ఇష్టంతో ఒప్పుకుని సంతకం చేసేదాకా రాజీ జరగనట్టే. బాధితుడి ఇంటి మీదికి నలుగురితో వెళ్లి ఒత్తిడి తేవడం మాత్రం చేయకండి. అది మరో కేసుకు దారి తీస్తుంది. అన్నగా మీరొక్కరే వెళ్లి, జరిగినదానికి క్షమాపణ అడిగి, అతనికి అయిన ఖర్చు ఇస్తామని చెప్పడం సబబు.

ఒకవేళ ఖైదు పడినా, మూడేళ్లకు మించనిదై, మీ తమ్ముడు అప్పటికే బెయిలు మీద ఉంటే, అప్పీలు చేసుకుంటామని చెప్పిన వెంటనే శిక్ష వేసిన న్యాయస్థానమే సాధారణంగా బెయిలు ఇవ్వాలి. ప్రత్యేక కారణాలుంటేనే నిరాకరించవచ్చు. సెషన్స్ న్యాయస్థానంలో అప్పీలుకు గడువు 30 రోజులు. కువైట్ విషయానికి వస్తే, క్రిమినల్ కేసు నడుస్తున్నప్పుడు పాస్‌పోర్టు నిరాకరించే అధికారం పాస్‌పోర్టు చట్టం ఇస్తోంది. కేసు ఉన్న న్యాయస్థానం అనుమతి ఉంటే ఇవ్వవచ్చునని 1993 నాటి కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్ ఉంది. పాస్‌పోర్టు ముందే ఉన్నా చెప్పకుండా విమానం ఎక్కవద్దు. రెండు వాయిదాలు తప్పితే వారెంటు, ఆ తరువాత తిరిగి వచ్చేటప్పుడు చిక్కులు. ముందు రాజీ సంగతి తేల్చుకుని, ఆ తీర్పు నకలు చేతిలో పెట్టుకుని ప్రయాణం ఏర్పాట్లు చూసుకోమనండి.

ప్రశ్న: మా అబ్బాయికి 20 ఏళ్లు, డిగ్రీ చదువుతున్నాడు. రెండేళ్ల కిందట కాలేజీ దగ్గర పిల్లల మధ్య జరిగిన గొడవ కేసు లోక్ అదాలత్‌లో రాజీ అయింది. ఇప్పుడు క్రికెట్ ఆట దగ్గర గొడవలో మళ్లీ 115(2) కేసు వచ్చింది. పాత నేరస్థుడివి, నీ మీద రౌడీ షీటు తెరుస్తాం, తహశీల్దారు దగ్గర బైండోవర్ చేయిస్తాం అని బెదిరిస్తున్నారు. వాడు కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాడు. నాకు నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి, ఆదోని

జవాబు: అమ్మా, మీ అబ్బాయి పాత నేరస్థుడు కాడు. లోక్ అదాలత్‌లో రాజీ అయిన కేసు చట్టం ప్రకారం నిర్దోషిగా విడుదల అయిన కేసు. ఎఫ్ఐఆర్ నమోదు కావడం, ఛార్జిషీటు వేయడం, కేసు నడుస్తూ ఉండడం, వీటిలో ఏదీ నేరం రుజువు కావడం కాదు. కాబట్టి ఈ కేసులో దోషిగా తేలినా చట్టం దృష్టిలో ఇదే మొదటిసారి. పై జవాబులో చెప్పిన మందలింపుతో విడుదల కూడా మీ అబ్బాయికి అందుబాటులో ఉంది. లోక్ అదాలత్ అవార్డు నకలు ఇంట్లో లేకపోతే ఈ వారమే తెప్పించుకోండి. ఇప్పుడు మీకు దానికంటే విలువైన కాగితం లేదు.

వయసు కూడా మీకు తోడుగా ఉంది. 21 ఏళ్లు నిండనివారిని, జీవితఖైదు పడే నేరమైతే తప్ప, ప్రొబేషన్ కింద విడుదల చేయడం ఎందుకు తగదో కారణాలు రాయకుండా ఖైదుకు పంపకూడదని ప్రొబేషన్ చట్టం 6వ సెక్షన్ చెబుతోంది. అయితే ఈ వయసును నేరం జరిగిన నాటికి కాక, విచారణ న్యాయస్థానం దోషిగా తేల్చి శిక్ష గురించి ఆలోచించే నాటికి చూస్తారని సుప్రీంకోర్టు 1962లోనే చెప్పింది. మీ అబ్బాయికి 20 నిండి ఎన్ని నెలలైందో చూసుకుని, అనవసరపు వాయిదాలు అడగకుండా కేసు త్వరగా నడిచేలా న్యాయవాదితో మాట్లాడండి. ఈ కేసులో కూడా రాజీకి అవకాశం ఉందేమో ముందు చూడండి.

రౌడీ షీటు న్యాయస్థానం వేసే శిక్ష కాదు. శాంతిభద్రతలకు పదేపదే భంగం కలిగిస్తారనుకున్నవారి మీద నిఘా కోసం పోలీసులు స్టేషన్‌లో ఉంచుకునే రికార్డు. రాజీ అయిన ఒక కేసు, నడుస్తున్న ఒక కేసు ఆధారంగా అలవాటుపడ్డ నేరస్థుడని అనడం నా దృష్టిలో న్యాయం కాదు. నిజంగానే తెరిస్తే ఆ వివరాలతో జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా విన్నవించుకోండి. అక్కడ ఫలితం లేకపోతే హైకోర్టులో రిట్ వేసుకోవచ్చు. బైండోవర్ అంతకంటే జాగ్రత్తగా చూడవలసిన విషయం. సురక్షా సంహిత 126వ సెక్షన్ కింద శాంతికి భంగం కలుగుతుందన్న సమాచారం ఉంటే ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు హోదాలో తహశీల్దారు ఏడాదికి మించని కాలానికి బాండు రాయించుకోవచ్చు. దానికి ముందు కారణాలు చూపుతూ నోటీసు ఇవ్వాలి, మీ అబ్బాయి చెప్పేది వినాలి, విచారణ జరపాలి. స్టేషన్ నుంచి జీపులో తీసుకెళ్లి తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకునేది కాదది. నోటీసు వస్తే దానికి రాతపూర్వకంగా సమాధానం ఇవ్వండి. ఒకసారి బాండు రాసిన తరువాత ఆ కాలంలో మళ్లీ గొడవ చేసినట్టు రుజువైతే బాండు సొమ్ము పోవడమే కాక, మిగిలిన కాలమంతా జైలులో ఉంచమని ఆ మెజిస్ట్రేటు ఆదేశించవచ్చు. మామూలు 115(2) కేసులో జరిమానాతో బయటపడే మనిషి బాండు ఉల్లంఘన వల్ల నెలల తరబడి లోపల ఉండే పరిస్థితి రావచ్చు. మీ అబ్బాయికి ఈ ఒక్క విషయం మాత్రం కూర్చోబెట్టి చెప్పండి.

కానిస్టేబుల్ ఉద్యోగం సంగతి. దరఖాస్తులో, ధ్రువీకరణ పత్రంలో కేసుల గురించి అడిగిన చోట రాజీ అయిన కేసును, నడుస్తున్న కేసును రెండింటినీ దాచకుండా రాయాలి. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని వివరంగా చర్చించింది. చిన్న వయసులో చేసిన స్వల్ప నేరాలను నియామక అధికారి ఉదారంగా చూడవచ్చునని చెబుతూనే, దాచిపెట్టడమే ఉద్యోగం పోవడానికి కారణం కాగలదని కూడా స్పష్టం చేసింది. నిజం రాసినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలనేమీ లేదు. కానీ దాచి, తరువాత బయటపడితే మిగిలేది ఏమీ ఉండదు. ఒకవేళ ఈ కేసులో ప్రొబేషన్ చట్టం కింద విడుదలైతే, ఆ చట్టం 12వ సెక్షన్ ప్రకారం నేరం రుజువైనందువల్ల వచ్చే అనర్హత అతనికి అంటదు. తీర్పులో ఆ మాటను న్యాయమూర్తి నమోదు చేయాలని మీ న్యాయవాది అడగాలి.

ప్రశ్న: మా పక్కింటాయన గోడ తగాదాలో 2023లో నన్ను కొట్టాడు. కోర్టులో 500 రూపాయల ఫైను వేసి వదిలేశారు. ఈ సంవత్సరం మళ్లీ కొట్టాడు, చేయి వాచింది. మళ్లీ ఫైను కట్టి బయటికి వచ్చి నా ముందే నవ్వుతూ తిరుగుతాడేమోనని భయంగా ఉంది. ఈసారైనా జైలుకు పంపుతారా? నేను చేయగలిగింది ఏమైనా ఉందా?
– ఒక గృహిణి, అనంతపురం

జవాబు: మీ ఆవేదన న్యాయమైనది. ఈ పేజీలో ఇంతవరకు నిందితుల హక్కుల గురించి రాశాను, కానీ దెబ్బ తిన్నవారికీ చట్టంలో చోటు ఉంది. జైలుకు తప్పక పంపుతారని నేను మాట ఇవ్వలేను. అదే మనిషి, అదే బాధితురాలి మీద, పాత తీర్పు తరువాత మళ్లీ చేయి చేసుకున్నాడన్నది శిక్ష పెంచడానికి న్యాయమూర్తి ముందున్న బలమైన కారణమని మాత్రం చెప్పగలను. ఇబ్బంది ఎక్కడంటే, ఆ విషయం చాలాసార్లు న్యాయమూర్తి దాకా చేరదు. ఏపీపీ అని మనం పిలిచే ప్రభుత్వ న్యాయవాది చేతిలో వందల ఫైళ్లు ఉంటాయి. పాత తీర్పు ఎవరైనా తెచ్చి ఇస్తే తప్ప ఆయనకు తెలిసే అవకాశం తక్కువ. ఆ పని మీరు చేయండి. 2023 నాటి తీర్పు సర్టిఫైడ్ నకలు తీసుకుని ఏపీపీకి, కేసు చూస్తున్న ఎస్ఐకి ఒక్కొక్క ప్రతి ఇచ్చి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి.

రెండో విషయం, చేతి వాపుకు ఎక్స్‌రే తీయించారా? ఎముక విరిగినట్టు తేలితే అది తీవ్ర గాయమే. దాచుకున్న చీటీలు, ఎక్స్‌రే ఫిల్ములు పోలీసులకు ఇవ్వకపోతే మామూలు గాయంగానే మిగిలిపోతుంది. ఎఫ్ఐఆర్ నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజులలోగా తెలియజేయాలి.

మూడోది, మీకు జైలు శిక్ష కంటే ఎక్కువ ఉపయోగపడగలదని నేను నమ్మేది. కొట్లాట నేరంలో దోషిగా తేలినవాడి చేత, శిక్షతో పాటు, మూడేళ్లకు మించని కాలం శాంతిగా ఉంటానని బాండు రాయించే అధికారం సురక్షా సంహిత 125వ సెక్షన్ కింద మొదటి తరగతి మెజిస్ట్రేటుకు ఉంది. పది రోజుల జైలు పది రోజులకే అయిపోతుంది, ఆయన మళ్లీ మీ పక్కింట్లోనే ఉంటాడు. బాండు మాత్రం మూడేళ్లు ఆయన మెడ మీద ఉంటుంది. ఇది అంతగా వాడుకలో లేదు, అడిగేవారు లేకనే. శిక్ష ఖరారు చేసే రోజున దీన్ని, 395వ సెక్షన్ కింద నష్టపరిహారాన్ని అడగమని ఏపీపీకి రాతపూర్వకంగా విన్నవించండి. 115(2)లో జరిమానా 10,000 రూపాయలకే పరిమితం కావచ్చు గాని, జరిమానా లేని శిక్ష వేసినప్పుడు ఇప్పించే నష్టపరిహారానికి ఆ పరిమితి లేదు.

శిక్ష చాలలేదనిపిస్తే మీరే నేరుగా అప్పీలు చేయడానికి వీలు లేదు. నిందితుణ్ణి నిర్దోషిగా వదిలినా, తక్కువ నేరానికే దోషిగా తేల్చినా, నష్టపరిహారం చాలకపోయినా మాత్రమే బాధితులకు అప్పీలు హక్కు ఉంది. శిక్ష పెంచమని సెషన్స్ న్యాయస్థానంలో అప్పీలు చేయవలసింది ప్రభుత్వమే. అందుకే తీర్పుకు ముందే అడగవలసినవన్నీ అడిగి ఉండాలి. రాజీకి రమ్మని మీ మీద ఒత్తిడి వస్తే, ఒప్పుకోవడం ఒప్పుకోకపోవడం పూర్తిగా మీ ఇష్టం. మీ సంతకం లేకుండా ఈ కేసును ఎవరూ రాజీ చేయలేరు.

మహిళగా మీకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ఇచ్చింది. అనంతపురంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి గాని, 15100 నంబరుకు ఫోన్ చేసి గాని అడిగితే న్యాయవాదిని ఏర్పాటు చేస్తారు. తీర్పు నకలుకు దరఖాస్తు రాయడంలోనూ వాళ్లు సాయం చేస్తారు. వెళ్లేటప్పుడు పాత కేసుకు కోర్టు ఇచ్చిన సీసీ నంబరు గాని ఎస్‌టీసీ నంబరు గాని పట్టుకెళ్లండి. అది దొరకకపోతే పాత ఎఫ్ఐఆర్ నంబరు, స్టేషన్ పేరు, ఆ మనిషి తండ్రి పేరు రాసుకుని వెళ్లినా కోర్టు కార్యాలయంలో రిజిస్టరు చూసి వెదికిస్తారు.